మందు వాడినా ఇన్ఫెక్షన్ తిరగబెడుతుంటే భార్యాభర్తలిద్దరూ చూపించుకోవాలి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. పెళ్లై ఆరేళ్లైంది. ఆయన ఉద్యోగం వేరే ఊళ్లో, రెండు మూడు నెలలకోసారి ఇంటికి వస్తారు. మీకు తెల్లబట్ట, మంట మొదలైతే డాక్టరు రాసిన మందులతో తగ్గుతున్నాయి. ఆయన వచ్చి వెళ్లాక మళ్లీ మొదలవుతున్నాయి. "మాది ఒకరికొకరం అన్న కాపురం, అయినా ఇదెందుకు వస్తోంది? ఆయన్ని కూడా పరీక్షకు రమ్మంటే అనుమానిస్తున్నానని గొడవవుతుందా?" అని అడిగారు.

ముందు సూటిగా జవాబు చెప్తాను. ఇద్దరూ ఒకే సమయంలో పరీక్ష చేయించుకోండి. లైంగికంగా వచ్చే ఇన్ఫెక్షన్ అని తేలితే ఇద్దరూ ఒకేసారి మందు వాడాలి. ఇద్దరి కోర్సూ పూర్తై, లక్షణాలు పూర్తిగా పోయేదాకా కలయికకు దూరంగా ఉండాలి. రెండో మాట కూడా అంతే ముఖ్యం. ఈ లక్షణాలను పట్టుకుని ఆయన గురించి ఒక నిర్ణయానికి వచ్చేయకండి, మిమ్మల్ని మీరూ తప్పుబట్టుకోకండి.

నేను లైంగిక ఆరోగ్య క్లినిక్‌లో కౌన్సెలర్‌గా ఏళ్ల తరబడి పనిచేస్తున్నాను. డాక్టర్ని కాను కాబట్టి మందుల పేర్లు, డోసులు రాయను. కానీ పరీక్షకు ముందు, రిపోర్టు వచ్చాక భార్యాభర్తల మధ్య జరిగే మాటలన్నీ నా ముందే జరుగుతాయి. మీ ప్రశ్నలో సగం అక్కడే ఉంది.

మీ భయం సంగతి మొదట చూద్దాం. తెల్లబట్ట ఎక్కువవడానికి మామూలుగా మూడు కారణాలు కనిపిస్తాయి. ఒకటి క్యాండిడా అనే ఫంగస్. తెల్లగా ముద్దముద్దగా అవుతుంది, దురద ఎక్కువ. యాంటీబయాటిక్స్ వాడాక, గర్భంతో ఉన్నప్పుడు, షుగర్ అదుపులో లేనప్పుడు వస్తుంటుంది. మాటిమాటికీ వస్తుంటే షుగర్ పరీక్ష కూడా చేయించాలి. రెండోది బ్యాక్టీరియల్ వజైనోసిస్. యోనిలో సహజంగా ఉండే మేలుచేసే బ్యాక్టీరియా తగ్గి, వేరే రకాలు పెరగడం వల్ల వస్తుంది. పల్చగా, బూడిద రంగులో, నీచు వాసనతో ఉంటుంది. మూడోది ట్రైకోమొనాస్ అనే పరాన్నజీవి. పసుపు, ఆకుపచ్చ కలిసిన రంగు, కొంచెం నురగ, మూత్రానికి వెళ్తే మంట. మొదటి రెండింటినీ సాధారణంగా లైంగిక వ్యాధులుగా లెక్కించరు. మూడోది మాత్రం కలయిక ద్వారానే వస్తుంది. పైకి చూసి ఇది ఫలానాది అని తేల్చడం కష్టం. అందుకే నమూనా తీసి చూడకుండా, ఫోన్లో లక్షణాలు చెప్పి తెచ్చుకున్న మందు తాత్కాలికంగా తగ్గించినా అసలు సమస్య మిగిలిపోతుంది.

ఆయన వచ్చి వెళ్లిన ప్రతిసారీ తిరగబెడుతోంది అన్నారు కదా, ఆ వివరం డాక్టరుకు తప్పక చెప్పండి. ట్రైకోమొనాస్ చాలామంది మగవాళ్లలో ఏ లక్షణమూ చూపించదు. భార్య కోర్సు పూర్తి చేస్తుంది, భర్తకు ఏమీ లేదనిపిస్తుంది కాబట్టి ఆయన మందు జోలికి పోడు. తర్వాతి కలయికలో ఆమెకు మళ్లీ వస్తుంది. మా దగ్గరికి వచ్చిన ఒకావిడ సరిగ్గా ఇలాగే మందులు మారుస్తూ తిరిగి, "నా ఒంట్లోనే ఏదో లోపం ఉంది" అన్న నిశ్చయానికి వచ్చేసింది. భర్తను ఒకసారి పిలిపించి ఇద్దరికీ ఒకేసారి వైద్యం చేయించాక ఆ గొడవ ఆగిపోయింది.

బ్యాక్టీరియల్ వజైనోసిస్ విషయంలోనూ ఈ మధ్య ఆలోచన మారుతోంది. దాన్ని చాలాకాలం పూర్తిగా ఆడవాళ్ల సమస్యగానే చూశారు. 2025లో ఆస్ట్రేలియా పరిశోధకులు జంటల మీద చేసిన ఒక ట్రయల్, అంటే వైద్యం ఎంత పనిచేస్తుందో చూసే ప్రయోగం, ఫలితాలు ప్రచురించారు. భార్యతో పాటు భర్తకు కూడా మాత్రలు, పైపూత మందు ఇచ్చిన జంటల్లో 12 వారాల్లోపు తిరగబెట్టింది 35 శాతం మందికి. ఆమెకొక్కదానికే వైద్యం చేసినచోట 63 శాతం మందికి. తేడా అంత స్పష్టంగా ఉండడంతో ట్రయల్‌ని ముందుగానే ఆపేశారు. ఇందులో ఎవరి తప్పూ లేదు, ఎవరూ ఎక్కడికీ వెళ్లలేదు. ఇద్దరి మధ్యా బ్యాక్టీరియా అటూఇటూ తిరుగుతుంది, అంతే. మీ ఆయనతో మాట్లాడేటప్పుడు మీకు బాగా పనికొచ్చే విషయం ఇది.

మరి "మేం పెళ్లైనవాళ్లం కదా, మాకెందుకు వస్తాయి?" అన్నదానికి. పెళ్లి ఒక నమ్మకం, రక్షణ కవచం కాదు. ఇలా అంటే కొందరికి కోపం వస్తుంది. కానీ ఇన్ఫెక్షన్లు ఎలా నడుస్తాయో చూడండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2020లో 15 నుంచి 49 ఏళ్ల వాళ్లలో సిఫిలిస్, గనేరియా, క్లమీడియా, ట్రైకోమొనాస్ అనే నాలుగు లైంగిక వ్యాధులు కలిపి దాదాపు 37 కోట్ల 40 లక్షల కొత్త ఇన్ఫెక్షన్లు వచ్చాయి. ఈ నాలుగూ మందులతో నయమయ్యేవే. అయినా ఇన్ని ఉన్నాయంటే, ఎక్కువమందికి లక్షణాలు కనిపించకపోవడం ఒక పెద్ద కారణం. పెళ్లికి ముందు ఎప్పుడో వచ్చింది పెళ్లయ్యాక బయటపడొచ్చు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు దారితీయగల హెచ్‌పీవీ, నీటిపొక్కులు తెచ్చే హెర్పిస్ లాంటి వైరస్‌లు అయితే ఏళ్లపాటు నిద్రాణంగా ఉంటాయి.

హెర్పిస్ వల్ల కాపురం విడాకుల దాకా వెళ్లిన ఒక జంట నాకు బాగా గుర్తు. పెళ్లైన చాలా ఏళ్లకు భార్యకు జననాంగం దగ్గర మొదటిసారి నీటిపొక్కులు వచ్చాయి. భర్త మాటలు మానేశాడు, పెద్దవాళ్లు కూర్చున్నారు. డాక్టరు ఇద్దరినీ కూర్చోబెట్టి, ఈ వైరస్ నరాల కణాల్లో దాక్కుంటుందని, ఒంట్లో ఉన్నట్టు తెలియనివాళ్లే ఎక్కువని, మొదటి పొక్కు ఎప్పుడు వచ్చిందన్నదాన్నిబట్టి ఎప్పుడు, ఎవరి నుంచి వచ్చిందో చెప్పలేమని వివరించారు. పెదవుల మీద పొక్కులు తెచ్చే రకం వైరస్ కూడా నోటి ద్వారా అక్కడికి చేరగలదని చెప్పారు. ఆ భర్తకు చిన్నప్పటినుంచీ పెదవి మీద పొక్కులు వచ్చేవట. ఇన్ఫెక్షన్ ఎవరికి మొదట బయటపడిందో వాళ్లే తెచ్చారనుకోవడం కాపురాల్లో జరిగే పెద్ద అన్యాయం. ఆ నింద ఎక్కువగా భార్య మీదే పడుతుంది. ఆమెకు గర్భం వచ్చినప్పుడో, మరేదైనా ఇబ్బందితోనో ఆసుపత్రికి వెళ్తుంది కాబట్టి ఆమె పరీక్షలే ముందు జరుగుతాయి.

ఇక ప్రమాదం తెచ్చే అలవాట్లు. అందరికీ తెలిసింది, బయట సంబంధం పెట్టుకుని కండోమ్ వాడకపోవడం. దాని గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. మద్యం తాగిన రాత్రి తీసుకున్న నిర్ణయాలు దానికి తోడవుతాయి. నేను ఎక్కువగా చూసేవి ఎవరూ ప్రమాదం అనుకోని అలవాట్లు.

పిల్లలు చాలనుకుని ఆపరేషన్ చేయించుకున్నాకో, కాపర్-టీ వేయించుకున్నాకో కండోమ్ పక్కన పెట్టేస్తారు. అవి గర్భాన్ని ఆపుతాయి, ఇన్ఫెక్షన్‌ని ఆపవు. ఇంట్లో కండోమ్ కనిపిస్తే "ఇప్పుడిదెందుకు?" అన్న అనుమానం పుట్టేదీ ఇక్కడే.

గర్భంతో ఉన్నప్పుడు, కాన్పయ్యాక కొన్నాళ్లు దంపతులు దూరంగా ఉంటారు. ఆ సమయంలో భర్త బయట ఇన్ఫెక్షన్ తెచ్చుకుంటే అది తల్లికీ, బిడ్డకీ కూడా చేరొచ్చు. తల్లికి హెచ్‌ఐవీ ఉండి ఏ వైద్యమూ అందకపోతే కడుపులో, కాన్పులో, పాల ద్వారా కలిపి బిడ్డకు సోకే అవకాశం 15 నుంచి 45 శాతం. సరైన వైద్యంతో దాన్ని 5 శాతం కంటే తక్కువకు తీసుకురావచ్చు. సిఫిలిస్‌ని గర్భం మొదట్లోనే పట్టుకుంటే పెన్సిలిన్ ఇంజెక్షన్‌తో బిడ్డను కాపాడవచ్చు. అందుకే గర్భిణికి పరీక్షలు రాసినప్పుడు భర్త కూడా చేయించుకోవాలని నేను పట్టుబడతాను.

కోర్సు మధ్యలో ఆపేయడం, తగ్గిందని మిగిలిన మాత్రలు దాచుకుని ఇంకోసారి వేసుకోవడం, భార్యకు రాసిన మందుని భర్త సగం పంచుకోవడం లాంటివన్నీ చూస్తుంటాను. గనేరియాకి ఒకప్పుడు పనిచేసిన మందులు ఇప్పుడు ఒక్కొక్కటిగా పనిచేయకుండా పోతున్నాయి, కాబట్టి ఇది చిన్న విషయం కాదు. శుభ్రత పేరుతో యోని లోపల సబ్బు, యాంటీసెప్టిక్ ద్రవాలతో కడగడం కూడా మానండి. మేలుచేసే బ్యాక్టీరియా పోయి బ్యాక్టీరియల్ వజైనోసిస్ పెరుగుతుంది. బయట నీళ్లతో కడిగితే చాలు. ఒకే షేవింగ్ బ్లేడు, ఒకే టూత్‌బ్రష్ వాడడం వల్ల హెపటైటిస్ బి, సి ఒకరి నుంచి ఒకరికి రావచ్చు. ఇంట్లో ఒకరికి హెపటైటిస్ బి ఉందని తెలిస్తే రెండోవాళ్లు పరీక్ష చేయించుకుని, లేకపోతే టీకా వేయించుకోవాలి. అది బాగా పనిచేసే టీకా.

ఇప్పుడు మీ అసలు ప్రశ్న, ఎలా అడగాలన్నది. ప్రపంచ ఆరోగ్య సంస్థ జీవన నైపుణ్యాలని పది చెప్పింది. తనను తాను తెలుసుకోవడం, ఎదుటివారి స్థానంలో నిలబడి ఆలోచించడం, మనసులో మాట స్పష్టంగా చెప్పడం, ఒత్తిడిని, ఆవేశాన్ని సంభాళించుకోవడం, విని నమ్మేయకుండా విమర్శనాత్మకంగా ఆలోచించడం, సమస్యకు దారి వెతకడం, నిర్ణయం తీసుకోవడం లాంటివి. వీటిని ఎక్కువగా బడి పిల్లల పాఠాలుగానే చూస్తారు. నా అనుభవంలో వీటి అవసరం కాపురంలోనే ఎక్కువ. సమాచారం తెలిసిన జంటలు నా దగ్గరికి ఎందరో వస్తారు. కండోమ్ గురించి, పరీక్షల గురించి అన్నీ తెలుసు. ఆ మాట పక్కనున్న మనిషితో అనడం మాత్రం రాదు. ఈత లాగే ఇదీ చేస్తేనే వస్తుంది, మొదటిసారి తడబడడం సహజం.

సమయం ముందు చూసుకోండి. పడక మీద, గొడవ మధ్యలో, ఆయన ప్రయాణం చేసి అలసిపోయి వచ్చిన రాత్రి ఈ విషయం ఎత్తకండి. ఫోన్లో మెసేజ్ పెట్టకండి, అందులో గొంతు వినిపించదు, అనుమానం మాత్రమే వినిపిస్తుంది. ఆయన వచ్చిన మర్నాడు, ఇద్దరూ తీరికగా ఉన్నప్పుడు, పిల్లలు వినని చోట చెప్పండి. ఒంటి బాధతో మొదలుపెట్టండి. ఇలా:

"నాకు ఆ మంట మళ్లీ వచ్చిందండీ. మందు వాడినప్పుడు తగ్గి మళ్లీ వస్తోంది. ఇలాంటివి మగవాళ్లలో ఏమీ కనిపించకుండా కూడా ఉంటాయట, ఒక్కళ్లకే మందిస్తే తిరగబెడతాయట. ఇద్దరం కలిసి ఒకసారి చూపించుకుందాం. అంతవరకు కొంచెం ఆగుదాం."

ఇందులో ఆయన మీద ఒక్క ఆరోపణ లేదు, అబద్ధమూ లేదు. "నన్ను అనుమానిస్తున్నావా?" అని ఆయన అనొచ్చు. ఆ మాటకి అప్పటికప్పుడు జవాబు తట్టదు కాబట్టి ముందే సిద్ధం చేసుకోండి. "అనుమానం ఉంటే గొడవ పడేదాన్ని. నాకు ఇది తగ్గాలి, మీకూ ఏమీ కాకూడదు" అంటే చాలు. అప్పటికీ కోపం తగ్గకపోతే ఆ రోజుకి వదిలేయండి, రెండు రోజులాగి మళ్లీ అదే మాట అదే నెమ్మదితో చెప్పండి. ఒక్కసారి చెప్పి ఊరుకోవడం వల్ల ఆగిపోయిన కేసులే నేను ఎక్కువ చూశాను. అద్దం ముందో, నమ్మకమైన అక్కతోనో, మా లాంటి కౌన్సెలర్‌తోనో ఈ మాటలు ఒకసారి పైకి అని చూసుకోండి. నా దగ్గరికి వచ్చినవాళ్లతో నేను భర్త పాత్ర తీసుకుని ఇది చేయిస్తాను. మొదట సిగ్గుపడతారు, రెండోసారికి గొంతు కుదురుకుంటుంది.

ఇది చదువుతున్న మగవాళ్లకు కూడా ఒక మాట. బయట ఏదైనా జరిగి ఉంటే, భార్యకు అన్నీ చెప్పే ధైర్యం ఈ రోజే లేకపోయినా, ఆమె దగ్గరికి వెళ్లే ముందు పరీక్ష చేయించుకునే బాధ్యత మాత్రం ఈ రోజుదే. రిపోర్టు వచ్చేదాకా కండోమ్ వాడండి. హెచ్‌ఐవీ సోకే అవకాశమున్న కలయిక జరిగిన 72 గంటల్లోపు డాక్టరు దగ్గరికి వెళ్తే 28 రోజుల మందుల కోర్సుతో దాన్ని అడ్డుకునే అవకాశం ఉంది. ఎంత త్వరగా మొదలుపెడితే అంత మంచిది. 72 గంటలు దాటాక ఆ దారి మూసుకుపోతుంది. భార్య వల్ల భర్తకు ఇన్ఫెక్షన్ వచ్చిన కేసులూ ఉంటాయి. ఈ నియమాలన్నీ అప్పుడూ ఇవే.

పరీక్షల దగ్గర ఒక జాగ్రత్త. ఇన్ఫెక్షన్ సోకిన వెంటనే పరీక్షలో కనబడదు. ల్యాబులో చేసే కొత్త తరం హెచ్‌ఐవీ పరీక్షకు దాదాపు 45 రోజులు, వేలు గుచ్చి చేసే ర్యాపిడ్ పరీక్షకు మూడు నెలలు ఆగితేనే నెగటివ్‌ని నమ్మొచ్చు. సిఫిలిస్‌కీ మూడు నెలల దాకా చూడాలి. పోయిన వారం జరిగినదానికి ఈ వారం పరీక్ష చేయించి, నెగటివ్ కాగితం చూపించి నిశ్చింతగా ఉండేవాళ్లు ఉన్నారు. అది పనికిరాదు. ట్రైకోమొనాస్, క్లమీడియా, గనేరియాకి వైద్యం అయ్యాక మూడు నెలలకు మళ్లీ పరీక్ష చేయించుకోమంటారు, అది మానొద్దు. కండోమ్ వాడేటప్పుడు నూనె, వ్యాసెలిన్ రాయకండి, లేటెక్స్ చిరుగుతుంది. నీటితో చేసిన జెల్ వాడొచ్చు.

30 ఏళ్లు దాటాక గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ పరీక్ష కూడా జాబితాలో పెట్టుకోండి. అందులో హెచ్‌పీవీ ఉందని వస్తే వెంటనే ఎవరినీ నిలదీయకండి. అది అత్యంత సాధారణమైన వైరస్, ఎప్పుడు వచ్చిందో చెప్పలేం, చాలామందిలో దానంతటదే పోతుంది. పోకుండా మిగిలిపోతేనే ఇబ్బంది, అందుకే పరీక్ష.

ఒకవేళ మీ ఇద్దరిలో ఒకరికి హెచ్‌ఐవీ ఉందని తేలితే ఏమిటన్న భయం కూడా మీ ప్రశ్న వెనక ఉందనిపించింది. ఆ అవకాశం తక్కువే కావచ్చు, కానీ చెప్పి తీరాలి, ఎందుకంటే ఆ భయంతోనే చాలామంది పరీక్షకు రారు. 2011లో 9 దేశాల్లో 1,763 జంటల మీద చేసిన అధ్యయనంలో, ఇన్ఫెక్షన్ ఉన్నవారికి త్వరగా మందులు మొదలుపెడితే భాగస్వామికి సోకడం 96 శాతం తగ్గిందని తేలింది. 2016లో వచ్చిన పార్ట్‌నర్ అధ్యయనంలో 888 జంటల్లో, మందులతో వైరస్ పరీక్షకు అందనంత తగ్గిపోయాక, కండోమ్ లేకుండా దాదాపు 58,000 సార్లు కలిసినా ఆ భాగస్వామి నుంచి ఒక్కరికీ సోకలేదు. నేను చూస్తున్న జంటల్లో భార్యకు ఉండి భర్తకు లేనివాళ్లు, భర్తకు ఉండి భార్యకు లేనివాళ్లు ఇద్దరూ ఉన్నారు. పిల్లల్ని కన్నారు, పిల్లలకు రాలేదు. రోజూ మాత్ర, డాక్టరు చెప్పిన సమయానికి వైరల్ లోడ్ పరీక్ష (రక్తంలో వైరస్ ఎంత ఉందో చూసేది), ఇవి తప్పకూడదు. మొదట్లో వైరస్ పూర్తిగా అదుపులోకి వచ్చేదాకా కండోమ్ తప్పనిసరి. ఇన్ఫెక్షన్ లేని మనిషి ముందుజాగ్రత్తగా వేసుకునే మందులూ ఉన్నాయి. ఆరు నెలలకోసారి వేసే లెనకపవిర్ ఇంజెక్షన్‌ని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025లో సిఫార్సు చేసింది.

ఒక హెచ్చరిక లేకుండా ఈ జవాబు పూర్తి కాదు. పైన చెప్పిన మాటలన్నీ, మీరు చెప్పేది వినే మనిషికి. ఇంతకుముందు ఆయన మీ మీద చెయ్యి చేసుకుని ఉంటే, ఈ విషయం ఎత్తితే కొడతారన్న భయం ఉంటే, ఒంటరిగా మాట్లాడకండి. ముందు మీ డాక్టరుకో, కౌన్సెలర్‌కో ఆ సంగతి చెప్పండి. మీ పేరు మధ్యలో రాకుండా క్లినిక్ నుంచే భర్తను మామూలు ఆరోగ్య పరీక్షకు పిలిపించే ఏర్పాటు చాలాచోట్ల ఉంటుంది. వద్దన్నా బలవంతం చేసే మనిషి దగ్గర, కండోమ్ అడిగితే దెబ్బలు పడే ఇంట్లో, మాట్లాడే నేర్పు లేకపోవడం అసలు సమస్య కాదు. అక్కడ మీ భద్రత ముందు, మిగతావన్నీ తర్వాత.

ఆయన కోపం లేకుండానే "నాకేం లేదు, నేను రాను" అని మొండికేస్తే? అది ఎక్కువగా జరిగేదే. మీరు మాత్రం వెళ్లండి. మీ నమూనా పరీక్షలో ఏ ఇన్ఫెక్షనో తేలితే, భర్తకు ఇవ్వమని మందునో, చీటీనో డాక్టరు మీ చేతికే ఇవ్వడానికి కొన్నిచోట్ల వీలుంటుంది, అడగండి. ఆయనకు మందుల అలర్జీలు ఏమున్నాయో ముందే తెలుసుకుని వెళ్లండి. ఆయన వాడేదాకా కండోమ్ లేకుండా ఒప్పుకోకండి. రిపోర్టు చూపించి "ఇదిగో, దీని పేరు ఇది" అంటే కదిలిన మగవాళ్లు చాలామంది ఉన్నారు. రోగం పేరు కాగితం మీద కనిపిస్తే వాదన తగ్గుతుంది.

వెళ్లేటప్పుడు ఇప్పటిదాకా వాడిన మందుల చీటీలు, చివరి నెలసరి తేదీ, ఆయన వచ్చి వెళ్లిన తేదీలు రాసుకుని తీసుకెళ్లండి. నమూనా ఇచ్చే ముందు రెండు రోజులు లోపల వాడే మందులు, క్రీములు ఆపాలా అని ఫోన్ చేసి కనుక్కోండి. పొత్తికడుపులో గట్టిగా నొప్పి, జ్వరం, కలయిక తర్వాత రక్తం కనిపించడం, పుండు ఏర్పడడం, ఇవేవైనా ఉంటే ఆయన వచ్చేదాకా ఆగొద్దు, రేపే వెళ్లండి. గర్భం ఉందేమో అని అనుమానమున్నా అంతే. రిపోర్టులో అర్థం కానిది ఉంటే పేరు, ఊరు చెరిపేసి ఇక్కడే పెట్టండి, చూసి చెప్తాను.